1/70 పేరు చెప్పి ఆపిన ఆడపిల్ల వాటా: ఒక ఏజెన్సీ భూమి కేసు

ఏజెన్సీ భూమి తగాదాలో ఎదుటి పక్షం గిరిజనేతరుడైతే దారి అందరికీ తెలిసిందే. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే భూ బదలాయింపు నిబంధన (ఎల్.టి.ఆర్., దాని సవరణే 1/70) కింద పిటిషను వేస్తాం. స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో భూమి తనకెలా వచ్చిందో అవతలివాడే చూపించుకోవాలి. రెండు పక్షాలూ ఒకే తెగవాళ్లయి, ఒకే ఇంటివాళ్లయి, ఇద్దరూ గిరిజన హక్కు పేరే చెబుతుంటే ఆ దారి పనికిరాదు. అన్నదమ్ములు తెగకున్న హక్కు చూపిస్తారు, ఆడపిల్ల తనకున్న హక్కు చూపిస్తుంది. ఇలాంటి తగాదాను రాజ్యాంగ అధికరణాలతో మొదలుపెడితే ఎక్కడ చిక్కుకుంటాం, ఆచారంతో మొదలుపెడితే ఎందుకు ముందుకు వెళ్లగలం అన్నది ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. మండలం, తెగ, కుటుంబం తెలియకుండా వివరాలు మార్చాను. ఇదే తీరుగా నడిచిన మరో కేసులోని ఒకటి రెండు అంశాలు ఇందులో కలిపాను. కక్షిదారును ఇక్కడ కొండమ్మ అంటాను.

నేపథ్యం

ఆంధ్ర ప్రాంతపు ఏజెన్సీ. తండ్రి పేర రైత్వారీ పట్టా ఉంది. ముఠాలు (కొండ ప్రాంతపు పాత ముఠాదారీ ఎస్టేట్లు) రద్దయ్యాక సెటిల్‌మెంటులో తాతకు వచ్చిన భూమి అది. రికార్డు ప్రకారం మొత్తం 6 ఎకరాల 30 సెంట్లు: పల్లం 1.80, జీడితోట 3.00, కొండవాలు మెట్ట 1.50. ఇది కాక తల్లిదండ్రులిద్దరి పేర 2 ఎకరాల పోడు పట్టా, అంటే అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే ఆర్.ఓ.ఎఫ్.ఆర్. పట్టా ఉంది. పిల్లలు ముగ్గురు: పెద్దన్న, కొండమ్మ, తమ్ముడు.

కొండమ్మ రోడ్డు పనికి వచ్చిన మైదానం మనిషిని చేసుకుని వెళ్లింది. అతను వదిలేశాక ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చేసింది. అప్పట్నుంచి మెట్టలో చోడి, కంది వేసేది ఆమే, మంచాన పడ్డ తండ్రిని చూసుకున్నదీ ఆమే. తండ్రి పోయిన కొద్ది నెలలకే అన్నదమ్ములు సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, పట్టా భూమిని చెరిసగం 1-బి (రెవెన్యూవాళ్ల భూ హక్కుల రికార్డు) లోకి ఎక్కించుకున్నారు. సర్టిఫికెట్‌లో కొండమ్మ పేరు లేదు.

ఇక్కడ రెండు చట్టాల తేడా పట్టుకోవాలి. ఈ తరహా కేసుల్లో సగం గందరగోళం అక్కడే పుడుతుంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ (జనం నోట 1/70) భూమిని పట్టుకుని నడుస్తాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలోని స్థిరాస్తిని ఎవరు ఇచ్చినా సరే, గిరిజనుడికో, గిరిజనులు మాత్రమే ఉన్న సహకార సంఘానికో ఇస్తేనే చెల్లుతుంది. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని అతనే నిరూపించాలి. సుప్రీంకోర్టు 1988లో ఈ సవరణను సమర్థించింది. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) అలా కాదు, అది మనిషిని పట్టుకుని నడుస్తుంది. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలవారికి ఆ చట్టం వర్తించదు, వాళ్లు ఏజెన్సీలో ఉన్నా విశాఖలో ఉన్నా అంతే. ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చిన 1986 ఆంధ్రప్రదేశ్ సవరణ గానీ, 2005 కేంద్ర సవరణ గానీ కొండమ్మకు అందవు. ఆమె వారసత్వం తెగ ఆచారం మీద నడుస్తుంది.

వచ్చిన సమస్య

అన్నదమ్ములవి మూడు మాటలు. ఒకటి, మన తెగలో ఆడపిల్లకు భూమి లేదు. రెండు, ఆమె బయటివాణ్ని చేసుకుని తెగలోంచి పోయింది. మూడు, ఆమెకు రాస్తే 1/70 ఒప్పుకోదు, రేపు పిల్లలు తండ్రి కులంలోకి పోతారు, భూమి కిందివాళ్ల (మైదానంవాళ్ల) పాలవుతుంది.

మూడూ కలిపి ఒకే ఊపిరిలో చెబుతారు కాబట్టి వినేవాళ్లకు ఒకటే వాదంలా వినిపిస్తుంది. విడదీస్తే దేని బలం ఎంతో తెలుస్తుంది. మొదటిది ఆచారానికి సంబంధించిన మాట. రుజువు కావాలి, ఆ భారం అది చెప్పేవాళ్లదే. రెండోది చట్టంలో నిలవదు. తెగ పుట్టుకతో వస్తుంది, పెళ్లితో పోదు. కొండమ్మ సర్టిఫికెట్ ప్రకారం ఎస్.టి.నే కాబట్టి ఆమె పేర భూమి పడడానికి 1/70తో పేచీ లేదు. పైగా 1/70లో బదిలీ అంటే తాకట్టు, కౌలు, అమ్మకం, దానం, మార్పిడి లాంటివి. తండ్రి చనిపోయాక వారసత్వంగా వచ్చేది వీటిలో ఏదీ కాదు.

మూడో మాటలోని చట్టం తప్పే గానీ, దాని వెనకున్న భయం నిజమైనది. గిరిజన భార్య పేర భూమి కొని వెనక నుంచి అనుభవించే మైదానం మనుషులు లేని మండలం ఏజెన్సీలో లేదంటే పెద్ద అతిశయోక్తి కాదు. బినామీ బదిలీలను కూడా నిషేధంలోకి తెచ్చింది అందుకే. ఊరి పెద్దలు అన్నదమ్ముల వైపు మొగ్గింది మొదటి మాట విని కాదు, ఈ మూడో మాట విని. వాళ్లను ఆడవాళ్ల హక్కులకు అడ్డుపడే ఛాందసులుగా లెక్కగట్టి ముందుకు వెళ్తే కేసు అక్కడే పోతుంది.

అసలు మెలిక ఇది. 1/70 బయటివాళ్ల నుంచి తెగకు కల్పించిన రక్షణ. ఆడపిల్లకు వాటా లేదనడం తెగ తన మనుషుల మీదే పెట్టే కట్టడి. మొదటిదాన్ని రాజ్యాంగం గట్టిగా నిలబెడుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి బదిలీని కట్టడి చేసే అధికారమిచ్చే అయిదో షెడ్యూలు 5(2) పేరా, తెగల రక్షణ కోసం ఆంక్షలు పెట్టనిచ్చే అధికరణం 19(5) ఉన్నది దానికే. రెండోదానికి అంత బలం లేదు. అన్నదమ్ములు మొదటిదాని బలాన్ని తెచ్చి రెండోదానికి అంటించారు. ఈ అంటు విడదీయడమే మా పని అని మొదట్లోనే నిర్ణయించుకున్నాం.

ఇదే ముడి ఇతర దేశాల్లోనూ పడింది. కెనడాలో సాండ్రా లవ్‌లేస్ అనే ఆదివాసీ మహిళ బయటివాణ్ని పెళ్లాడినందుకు అక్కడి చట్టం కింద తన హోదా, రిజర్వులో నివసించే హక్కు పోగొట్టుకుంది. మగవాడు బయటి స్త్రీని చేసుకుంటే అతనికేమీ పోయేది కాదు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1981లో ఆమె పక్షాన తేల్చింది. తేల్చినప్పుడు ఆధారం చేసుకున్నది అల్పసంఖ్యాక సమూహాల సంస్కృతిని కాపాడే 27వ అధికరణాన్ని. సొంత జనం మధ్య బతికే హక్కు ఆమెదీ అన్నది ఆ తర్కం. 1985లో కెనడా చట్టం మార్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1978లో శాంటా క్లారా ప్యూబ్లో కేసులో ఇంచుమించు ఇలాంటి నియమాన్నే తెగ సొంత వ్యవహారమని తెగకే వదిలేసింది. మాకు పనికొచ్చింది మొదటి దారి: కొండమ్మ తెగకు ఎదురుగా నిలబడి అడగడం లేదు, తెగ మనిషిగా అడుగుతోంది.

పనిచెయ్యనివి

కేసు మా దగ్గరికి వచ్చేసరికే ఒక నోటీసు వెళ్లి ఉంది. మైదానం లాయరొకరు 2005 సవరణ ప్రకారం మూడో వంతు ఇవ్వాలని రాశారు. అవతలి లాయరు సెక్షన్ 2(2) చూపిస్తూ నాలుగు వాక్యాల జవాబు ఇచ్చాడు. చట్టపరంగా నష్టం అంతటితో ఆగింది గానీ ఊళ్లో ఆగలేదు. ‘హిందువుల చట్టం తెచ్చి మన కట్టుబాటు తీసేద్దామని చూస్తోంది’ అన్న మాట పాకింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నోటీసు రాసినంత సులువు కాలేదు.

రెండోది ఆర్.ఓ.ఆర్. (భూ హక్కుల రికార్డు) చట్టం కింద అప్పీలు. మ్యుటేషను (రికార్డులో పేరు మార్పు) మీద సెక్షన్ 5(5) కింద ఆర్డీఓ స్థాయి అధికారికి 60 రోజుల్లో అప్పీలు చెయ్యాలి. గడువు దాటింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించమనే పిటిషను కూడా పెట్టాం. అప్పీలు కొట్టేశారు. కారణం ఊహించిందే: వాటాలో హక్కు ఎవరిదో తేల్చేది రెవెన్యూ కాదు, సివిల్ దావా వేసుకోండి. ఓడిపోతామని తెలిసీ అప్పీలు వేసింది ఫైలు కోసం. సర్టిఫైడ్ కాపీలు తీస్తే అందులో అన్నదమ్ముల అఫిడవిట్టు దొరికింది. ‘మా తండ్రికి మేమిద్దరమే సంతానం’ అని ఉంది. ఈ ఒక్క వాక్యం తర్వాత చాలా పని చేసింది. ఆడపిల్లకు వాటా ఇవ్వని ఆచారం నిజంగా అందరికీ తెలిసిందే అయితే, కూతురు ఉంది గానీ ఆచారం ప్రకారం వాటా లేదు అని రాయాలి. అసలు కూతురే లేదని రాశారంటే, ఉందని తెలిస్తే అడ్డంకి వస్తుందని వాళ్లకే అనుమానం ఉందన్నమాట.

మూడోది కులపెద్దల పంచాయితీ. అదీ పోయింది. వచ్చినవాళ్లంతా మగవాళ్లే. పెద్దన్న లేచి “1/70 ఉండాలా, వద్దా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఏజెన్సీలో ఎవరైనా ఒకే జవాబు చెబుతారు. కొండమ్మ వాటా గురించి ఆ రోజు చర్చే జరగలేదు.

ఆలోచించి పక్కన పెట్టినవి

హిందూ పద్ధతుల్లోకి మారిన తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లో ఒక సంతాల్ కుటుంబం కేసులో ఒప్పుకుంది. ఈ ఇంట్లోనూ పెళ్లిళ్లు పురోహితుడితోనే జరిగాయి, కాబట్టి వాదనకు చోటుంది. వద్దనుకున్నాం. గెలవాలంటే ఈ ఇల్లు తెగ ఆచారం వదిలేసిందని మనమే రుజువు చెయ్యాలి. అది తెగలోంచి పోయిందనే అన్నదమ్ముల రెండో మాటకు మన చేత్తో సంతకం పెట్టడమే. కొండమ్మ బతకాల్సింది ఆ ఊళ్లోనే.

అధికరణం 14 కింద రిట్ వేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. 13(3) ప్రకారం ఆచారమూ చట్టమే కాబట్టి సమానత్వానికి లోబడాలి అన్నది వాదన. పుస్తకంలో బావుంటుంది. కానీ ఛోటానాగ్‌పూర్ కేసులో 1996లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు మగ వారసత్వ నియమాన్ని కొట్టెయ్యలేదు. ఆ భూమి మీద బతికే ఆడవాళ్ల జీవనాధారాన్ని మాత్రం కాపాడింది. 2022 డిసెంబరులో ఒడిశా కేసులోనూ 2(2) ఉన్నంతకాలం తామేమీ చెయ్యలేమని, కేంద్రం సవరణ గురించి ఆలోచించాలని చెప్పి వదిలేసింది. హిమాచల్ హైకోర్టు గిరిజన ఆడపిల్లలకు హిందూ వారసత్వ చట్టం వర్తింపజేస్తూ ఇచ్చిన ఆదేశాన్ని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తీసేసింది. కోర్టు చట్టం రాయదు అన్నదే ఈ వరుసలో కనిపించేది.

దావా నడుస్తుండగా 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మా దారికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే. హిందూ వారసత్వ చట్టం వర్తించదని ఒప్పుకుంటూనే, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారాన్ని అవతలివాళ్లు రుజువు చెయ్యలేదు కాబట్టి న్యాయం, సమన్యాయం, మంచి మనస్సాక్షి అనే సూత్రం మీద వాటా ఇచ్చింది. వాటా లేదనే ఊహతో కింది కోర్టులు మొదలుపెట్టడమే తప్పంది. దీన్ని వాడేటప్పుడు ఒక జాగ్రత్త: అక్కడ ఆధారం చేసుకున్న 1875 నాటి సెంట్రల్ ప్రావిన్సెస్ చట్టం మన ఏజెన్సీకి చెందింది కాదు. అందుకని తీర్పును మొత్తంగా కాకుండా, రుజువు భారం గురించి చెప్పిన భాగాన్నీ సమానత్వం గురించి చెప్పిన భాగాన్నీ చూపించాం.

పనిచేసింది

ముందు ఏజెన్సీ డివిజనల్ ఆఫీసరు కోర్టులో విభాగ దావా (వాటా పంచమనే దావా) వేశాం. ఆంధ్ర ఏజెన్సీలో సివిల్ దావాలు 1924 నాటి ఏజెన్సీ రూల్స్ కింద రెవెన్యూ అధికారి ముందే నడుస్తాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ అక్షరాలా కాక స్ఫూర్తిగా వర్తిస్తుంది కాబట్టి దావా పత్రం సూటిగా, చిన్నగా ఉంటేనే మంచిది. దావాతోపాటు యథాతథ స్థితి ఉత్తర్వు అడిగాం. ఊళ్లో రాజీ మాటలు సాగుతుండగా అన్నదమ్ములు మరో గిరిజనుడికి అమ్మేస్తే ఆ అమ్మకం 1/70 కింద చెల్లుతుంది. రాజీ చేసుకునే ఉద్దేశం ఉన్నా దావా ముందు వెయ్యాల్సింది అందుకే.

తర్వాత ఆచారం మీద పడ్డాం. ఈ పని ఎలా చెయ్యాలో కాస్త వివరంగా చెప్పాలి. “మీ తెగలో ఆడపిల్లకు వాటా ఉందా?” అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. అది నియమం గురించిన ప్రశ్న కాబట్టి అందరూ చెప్పే జవాబే వస్తుంది. “ఫలానా చేను ఎవరు దున్నుతున్నారు? వాళ్లకెలా వచ్చింది?” అని చేను చేనుకీ అడగాలి. ఒక్కో ఇంటికి ఒక్కో కాగితం: మూడు తరాల వెనక భూమి ఎవరిది, కొడుకులెవరు, కూతుళ్లెవరు, ఎవరు ఊళ్లో ఉన్నారు, ఎవరు వెళ్లారు, చేను ఎవరి చేతికి వచ్చింది. చెప్పిన మాటకు తోడుగా సెటిల్‌మెంటు రిజిస్టరు నకలు, పాత అడంగలు (ఏటా సాగు వివరాలు రాసే రిజిస్టరు), శిస్తు రసీదులు పెట్టాలి. రెండు వేరే ఇంటిపేర్ల పెద్దలు ఒకే మాట చెబితేనే కాగితం మీదికి ఎక్కించాలి. శిస్తు రసీదులను తక్కువగా చూడొద్దు. ఒక ఇంట్లో రేకు పెట్టెలో బియ్యపు చీటీలతో కలిసి ఉన్న రసీదుల కట్టలో వరసగా ఒక ఆడమనిషి పేరే కనిపించింది. ఆ చేను ఇప్పుడు ఆమె మనవడిది.

31 ఇళ్లు చూస్తే 6 ఇళ్లకు భూమి ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది. మూడు ఇల్లరికాలు, రెండు భర్త పోయో విడిపోయో తిరిగొచ్చిన ఆడపిల్లలవి, ఒకటి మగపిల్లలు లేని ఇల్లు. వేరే ఊరికి కోడళ్లుగా వెళ్లి వాటా అడిగితే రానివాళ్లు ఇద్దరు. విశాఖలో స్థిరపడి వాటా వదులుకోవాల్సి వచ్చిన కొడుకు ఒకడు. ఇవన్నీ పక్కపక్కన పెడితే ఈ ఊరి నియమం ఆడా మగా అన్నదాని మీద లేదని తేలింది. ఊళ్లో ఉండి దున్నేవాళ్లకే భూమి. కొండమ్మ ఉన్నదీ దున్నుతున్నదీ ఊళ్లోనే.

వాటా దొరకని ఇద్దరు ఆడపిల్లల సంగతి కూడా అఫిడవిట్టులో పెట్టాం. దాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడుతుంది, అప్పుడు మిగతా లెక్క కూడా అనుమానంలో పడుతుంది. ఆచారం పాతదై, నిలకడగా, స్పష్టంగా, న్యాయంగా ఉండాలన్న కొలతకు అన్నదమ్ములు చెప్పిన ఆచారం నిలవదని చూపడానికి ఈ ఉదాహరణలు అడ్డు రాలేదు, కొడుకు ఉదాహరణ ఎదురుగా ఉంది కాబట్టి. అయినా ఈ వాదానికి రెండు వైపులా పదునుంది. రేపు పెళ్లయి వేరే ఊళ్లో ఉండే ఆడపిల్ల వాటా అడిగితే ఇదే రికార్డు ఆమెకు అడ్డమవుతుంది. అందుకే దావాలో వరస జాగ్రత్తగా పెట్టాం: మొదట, ఆడపిల్లను తప్పించే ఆచారం రుజువు కాలేదు కాబట్టి సమాన వాటా. అది కాదంటే, ఊళ్లో ఉండి దున్నేవాళ్లకు దక్కే ఆచారం ప్రకారం వాటా. ఈ వరస తలకిందులైతే ఒక కేసు గెలిచి పది కేసులు పోగొట్టినట్టే.

రెండోసారి కూర్చున్నది గ్రామసభగా. పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం ఆచారాలను, సంప్రదాయ పరిష్కార పద్ధతులను కాపాడే పని గ్రామసభకు అప్పగించింది గానీ, ఒకరి హక్కును తీసేసే డిక్రీ ఇచ్చే అధికారం ఇవ్వలేదు. ఈ హద్దు ముందే పెద్దలకు చెప్పాం. అన్నదమ్ములు పోడు పట్టాను కూడా పంచుకోవాలని చూస్తున్నారు కాబట్టి ఆ విషయం అజెండాలో పెట్టించాం. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం జరిగే గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆడవాళ్లు వస్తే మంచిది అని బతిమాలే పని లేకుండా కోరమే వాళ్లను తీసుకొచ్చింది.

ప్రశ్నను కూడా మూడు ముక్కలు చేశాం. కొండమ్మ మన మనిషేనా? ఊళ్లో ఉండి దున్నుకునే ఆడపిల్లకు ఇదివరకు భూమి దక్కిందా? భూమి కిందివాళ్లకు పోకుండా ఏం చెయ్యాలి? మొదటి ప్రశ్నకు పెద్దన్న కూడా కాదనలేకపోయాడు. రెండో ప్రశ్న దగ్గర వెనక కూర్చున్న ఒక ముసలావిడ లేచింది. “ఒరే అబ్బీ, నా మొగుడు ఈ ఊరికి ఇల్లరికం వొచ్చినోడే. ఆ పల్లం మా బాబుది. నాకెలాగొచ్చింది మరి?” అంది. మేము తయారుచేసిన 31 కాగితాలకన్నా ఈ మాటే గట్టిగా తగిలింది.

మూడో ప్రశ్న అసలైనది. ఎవరి వాటా అయినా సరే మైదానం వ్యాపారికి కౌలుకు గానీ తాకట్టుకు గానీ ఇవ్వకూడదని కుర్రాళ్లు ప్రతిపాదించారు. పెద్దన్న మాట్లాడలేదు. తమ్ముడే, “అన్నియ్యా, తోట సంగతి ఏటి మరి?” అన్నాడు. జీడితోటను పెద్దన్న తెల్లకాగితం మీద మూడు పంటలకు ఒక జీడిపిక్కల వ్యాపారికి రాసిచ్చాడు. 1/70 కింద ఆ కౌలు రాసిన రోజునుంచే చెల్లదు. ఈ సంగతి మాకు ముందే తెలుసు. దాని మీద ఎల్.టి.ఆర్. ఫిర్యాదు పెట్టి పెద్దన్న మెడ వంచొచ్చు కూడా. పెట్టలేదు, ఎందుకంటే బెదిరించి తెచ్చిన సంతకం అప్పీలు దాకా నిలవదు. అందరి వాటాలకూ ఒకటే షరతు అనే ప్రతిపాదన వస్తే కౌలు సంగతి దానంతటదే బయటికి వస్తుందని అనుకున్నాం. వచ్చింది. ఆ తర్వాత 1/70 పేరు కొండమ్మకు ఎదురుగా వాడడానికి పెద్దన్నకు నోరు లేకపోయింది.

షరతులు, కాగితం

అన్నదమ్ములు ముందు ఇవ్వజూపింది బతికున్నంతకాలం అనుభవించే హక్కు. 1996 తీర్పు ఇచ్చిన రక్షణ కూడా దాదాపు అంతే. వద్దన్నాం. అనుభవ హక్కుకు పట్టాదారు పాస్‌బుక్కు రాదు, పాస్‌బుక్కు లేకపోతే పంట రుణం కష్టం, పథకాల డబ్బు రాదు. ఆ తీర్పును కనీస రక్షణగా చూడాలి గానీ, అంతకుమించి అడగకూడదన్న హద్దుగా చూడకూడదు.

సమాన వాటా అయితే 2.10 ఎకరాలు. కొండమ్మ పల్లంలో 60 సెంట్లు, తోటలో 60, మెట్టలో 60, మొత్తం 1.80కి ఒప్పుకుంది. తోటలో చెట్లు నాటింది పెద్దన్న. ఆ 30 సెంట్లు పట్టుబడితే ఏజెంటు (కలెక్టరు) కోర్టు, ఆపైన హైకోర్టు దాకా అప్పీళ్లు. నిర్ణయం ఆమెదే. ఆ 30 సెంట్ల విలువెంత, ఏటా అయ్యే ఖర్చెంత అని కాగితం మీద లెక్క వేసి ఆమె ముందు పెట్టడం వరకే మా పని.

అమ్మాలనుకుంటే ముందు తోడబుట్టినవాళ్లకు రాతపూర్వకంగా చెప్పి 60 రోజులు ఆగాలన్న షరతు మూడు వాటాలకూ పెట్టాం. కొండమ్మ ఒక్కదానికే పెడితే అది రక్షణ కాదు, శిక్ష. అసలు అమ్మనే కూడదన్న షరతు ఊళ్లో కొందరు అడిగారు. పూర్తిగా చేతులు కట్టేసే షరతు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 10 ముందు నిలవదు, ముందు మాకు చెప్పు అనేది నిలుస్తుంది. వ్యాపారి ఇచ్చిన అడ్వాన్సు తీర్చే బాధ్యత పెద్దన్నది. పోడు పట్టాను విభాగంలో కలపలేదు. అది తల్లిదండ్రుల ఉమ్మడి పట్టా, తల్లి బతికే ఉంది. అటవీ హక్కు వారసులకు వస్తుంది గానీ అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు. సెక్షన్ 4(4)లో వారసుడనే మాటకు ఆడా మగా తేడా లేదు.

రాజీని పెద్దల సమక్షంలో రాసుకున్న కాగితంగా వదిలెయ్యకుండా దావాలో రాజీ పిటిషనుగా దాఖలు చేశాం. కొత్తగా హక్కు పుట్టించే విభాగ పత్రానికి రిజిస్ట్రేషను కావాలి. దావాలో ఉన్న భూమి గురించే అయిన రాజీ డిక్రీకి అక్కర్లేదు. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, ‘రాజీ పడ్డాం’ అని రాసి షెడ్యూలు (భూమి వివరాల పట్టిక) వదిలెయ్యడం. అలాంటి డిక్రీ మీద తహసీల్దారు మ్యుటేషను చెయ్యడు. డిక్రీకి ముందే మండల సర్వేయరుతో కొలిపించి, సబ్‌డివిజను స్కెచ్చి, నాలుగు హద్దులు షెడ్యూల్లో పెట్టాలి. మా కొలతలో పల్లం 1.80 కాదు, 1.74 అని తేలింది. తలా 58 సెంట్లకు సర్ది, కొండమ్మ వాటా 1.78 అని రాశాం. డిక్రీ అయ్యాక కొలిచి ఉంటే ఆ 6 సెంట్ల కోసం మళ్లీ గొడవ. తల్లి చేత కూడా వేలిముద్ర వేయించాలి, ఆమెకు అభ్యంతరం లేదన్న ఒక్క వాక్యంతో.

మ్యుటేషనులో కారణం అనే గడి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ముఖ్యం. వారసత్వం అని పడాలి, దానం అనో మరొకటనో కాదు. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉండాలన్న నియమం ఉంది. హక్కుదారు చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికే అందులో మినహాయింపు. దానం అని పడితే రేపు 1/70 పరిశీలనలోనూ అనవసరమైన ప్రశ్నలు వస్తాయి.

మిగిలినది

కొండమ్మకు పాస్‌బుక్కు వచ్చింది. పిల్లల ఎస్.టి. సర్టిఫికెట్ దరఖాస్తు ఇంకా తేలలేదు. తల్లి ఎస్.టి., తండ్రి కాకపోతే బిడ్డకు తండ్రి కులమే అని మొదట అనుకుంటారు. అయితే తల్లి సమాజంలో పెరిగి, అక్కడివాళ్లు అనుభవించే ఇబ్బందులే అనుభవించారని చూపితే ఆ ఊహ నిలవదని సుప్రీంకోర్టు 2012లో గుజరాత్ కేసులో చెప్పింది. అందుకని దరఖాస్తుకు ఊరి బడి అడ్మిషను రిజిస్టరు నకలు, రేషను కార్డు, గ్రామసభ తీర్మానం, తండ్రి వైపునుంచి పిల్లలకు ఏ సాయమూ రాలేదన్న అఫిడవిట్టు జత చేశాం. తీర్మానంలో పిల్లలు ఊరి పండగల్లో, కులకట్టుబాట్లలో పాల్గొంటున్నారని పేర్లతో సహా రాయించడం మంచిది. ‘మా ఊరివాళ్లే’ అన్న ముక్తసరి మాటను అధికారులు లెక్కలోకి తీసుకోరు.

ఒకవేళ సర్టిఫికెట్ రాకపోతే, కొండమ్మ తర్వాత ఆ 1.78 ఎకరాలు గిరిజనేతరుల స్వాధీనంలో ఉన్నట్టు రికార్డులో కనిపిస్తుంది. అప్పుడు 1/70 ఊహ వాళ్ల మీద పడుతుంది. భూమి వారసత్వంగా వచ్చిందని చూపించే భారం పిల్లలదే. అందుకే డిక్రీ, షెడ్యూలు, మ్యుటేషను ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు రెండు సెట్లు తీయించి ఒకటి కొండమ్మకు, ఒకటి తల్లికి ఇచ్చాం.